పలకలగుట్టలో ఎవరూ లేరు

జనవరి 6

మార్కాపురం పట్టణంలోనూ దాని చుట్టూ పన్నెండు ఆమడల దూరంలోనూ మసలుకునే సకల జీవరాశికి, షేక్ ఇనాయతుల్లా అనే నేను, ముప్పై రెండు సీట్ల బస్సుకు యజమానిని, డ్రైవరును, క్లీనరును అయి ఉండి, నిండు మనసుతో చేస్తున్న శాసనం. నేటి నుండి చెవి విరిగిన తెల్ల కప్పు నాది. నా భార్య నసీమా అందులో పిల్లికి పాలు పోయరాదు. పోసినచో రేపటి నుండి పిల్లి బస్సు తోలవలెను, నేను పొయ్యి పక్కన పడుకొనెదను. డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నవారు నా మెడ మీద ఊపిరి వదలరాదు. నా మీసానికి రంగు వేసిన సంగతి తెలిసినవారు తెలియనట్టే తిరగవలెను. ఈ శాసనాన్ని పలక మీద చెక్కించాలనే ఉంది. మా ఊర్లో పలకకు కరువా? చెక్కేవాళ్ళకే కరువు.

ఈ డైరీ ఎరువుల దుకాణంలో ఇచ్చినారు. మొదటి పేజీలో యూరియా బస్తా బొమ్మ ఉంది. నాకు తగిందే. పది తప్పినోడి డైరీలో పూలు వేస్తారా? నసీమాకు ఉర్దూ చదవను వస్తుంది గాని తెలుగు అక్షరం రాదు. అందుకని తెలుగులో రాస్తున్నా. మా ఇంట్లో దీనికంటే గట్టి బీరువా లేదు.

జనవరి 9

సుమ మేడం కాలేజీకి రమ్మనింది. డిగ్రీ పిల్లలకు టూరిజం చెప్పే మేడం. పదకొండేండ్లుగా ప్రతి ఫిబ్రవరిలో ఆ పిల్లల్ని పలకలగుట్టకు తీసుకపోయేది నా బస్సే. ఈ ఏడు ఏ తారీఖో చెప్తుందనుకొని పోయినా. బస్సు వద్దంట.

పిల్లలు క్లాసులోనే కూర్చుంటారంట. కండ్లకు ఒక డబ్బా కట్టుకుంటే పలకలగుట్ట కనిపిస్తదంట. తల ఎటు తిప్పితే అటు. పలకలగుట్ట ఒక్కటే కాదు, అరకు, కేరళ పడవలు, హిమాలయం, అన్నీ అదే బెంచీ మీద. వేరే ఊర్ల కాలేజీలోళ్ళు కూడా ఇక్కడికి రాకుండానే మన పలకలగుట్ట చూస్తారంట. హిమాలయం చలి కూడా వస్తదా మేడం అని అడిగినా. ఫ్యాన్ వేస్తాంలే ఇనాయత్ భాయ్ అనింది. మేడం దగ్గర నా పప్పులు ఉడకవు.

మళ్ళీ నెమ్మదిగా చెప్పింది. చూడబోయే చోటుకు దెబ్బ తగలకుండా ఎట్ల తిరగాలో నేర్పే పాఠం నాది, ఆ పాఠానికే డీజిల్ పొగ వదులుకుంటా పోతే పిల్లలకు నేనేం చెప్పాలి అని. ఒక కాయితం తీసి చూపించింది. నా బస్సు పోయి రావడానికి ఎంత పొగ వదులుతుందో కిలోల్లో రాసుంది. వంకాయలు తూచేది చూసినా, పాత ఇనుము తూచేది చూసినా, పొగను తూచేది ఇదే చూడడం. ఆమె మాటలో తప్పేమీ లేదు. అదే నా కడుపుమంట. తప్పుంటే ఎగతాళి చేసి బయటపడేవాణ్ణి.

కెమెరాను తీసుకపోవడానికి మాత్రం ఒక్కసారి బస్సు కావాలంట. బాధపడుతున్నారా అని అడిగింది. నాకేం బాధ మేడం, పెండ్లిండ్ల సీజను, తీరిక లేదు అన్నా.

ఒక్కటే పెండ్లి ఉంది. అదీ రాచర్లలో.

జనవరి 10

బస్సు కడిగినా. పొగగొట్టం కూడా కడిగినా.

జనవరి 15

పలకలగుట్ట అంటే పెద్ద ఊరేం కాదు. మూతపడిన పలకల క్వారీ, దాని ఒడ్డున కూలోళ్ళ ఇండ్లు. గోడలు పలకరాయి, కప్పు పలకరాయి. క్వారీ యజమాని బతికున్నప్పుడు వేసిచ్చిన ఇండ్లే, పట్టాలు లేవు. పదకొండు ఇండ్లలో అయిదింట్లో పొయ్యి వెలుగుతుంది. మిగతావి తేళ్ళకు వదిలిపెట్టినారు.

రోశక్క ఇల్లు మొదటిది. మొగుడు నరసింహులు ఆ క్వారీలోనే పని చేసి దగ్గి దగ్గి పోయినాడు. ఆమెకూ దగ్గుంది. ప్రతి ఫిబ్రవరి మేము పోయే దినం తలకు నూనె రాసుకొని, చిలకపచ్చ చీర కట్టుకొని, గోనెపట్ట తడిపి దాని కింద మూడు రాళ్ళు దాచిపెట్టి కూర్చుంటది. పిల్లలు చుట్టూ చేరితే ఒక రాయి తీసి ఉలి వెనక కొసతో కొడుతుంది. ఖంగుమంటే మంచి రాయి. దబ్బుమంటే లోపల బీట, పక్కన పడేస్తుంది. ఖంగుమన్న రాయి అంచున ఉలి పెట్టి చిన్నగా, పసిబిడ్డను జోకొట్టినట్టు కొడితే, పుస్తకంలో పేజీ తెరుచుకున్నట్టు పొర విడుస్తుంది. పిల్లలు ఫోన్లు మర్చిపోయి నోరు తెరుస్తారు. ఆమె తల ఎత్తదు గాని మూతి ముడిచి నవ్వు ఆపుకుంటది.

ఏడాదికి ఆ ఒక్క దినం. మిగతా దినాలు ఆమె ఉలి గూట్లో ఉంటుంది.

నేను పక్కన నిలబడి, ఈమె కొట్టిన పలక మీద దిద్దినోళ్ళంతా కలెక్టర్లయినారు, వేరేవాళ్ళ పలక మీద దిద్దినందుకు నేను డ్రైవరునైనా అని చెప్తా. నీ మొహం, నువ్వు పలకను విసనకర్ర చేసుకున్నోడివి అని రోశక్క అంటది. పదకొండేండ్లుగా ఇదే మాట. పదకొండేండ్లుగా పిల్లలు నవ్వినారు.

జనవరి 24

ఎనిమిదికి బయలుదేరినాం. ముప్పై రెండు సీట్లకు ముగ్గురం. మేడం, ఒంగోలు నుంచి వచ్చిన కెమెరా వినయ్ కుమార్, నేను. ఖాళీ సీట్లు గుంటలు వచ్చినప్పుడల్లా ఎగిరి పడతా ఉంటే, పిల్లలు లేని ఇంట్లో ఉయ్యాల ఊగినట్టుంది.

ఆ కెమెరా గురించి రాయాలి. కర్ర మీద గుండు. గుండుకు ముందూ కండ్లే, వెనకా కండ్లే. దానికి వీపు లేదు. మా అత్త కూడా ఇట్లనే ఉండేది. అది నాలుగు దిక్కులూ ఒకేసారి చూస్తుంది కాబట్టి తీసే మనిషి కూడా కనిపించకుండా పోవాలంట. వినయ్ కుమార్ మీట నొక్కడం, పరిగెత్తి గోడ వెనక నక్కడం. కూలికి వచ్చి దొంగాట ఆడే మనిషిని మొదటిసారి చూసినా.

మేడం చెప్పింది, ఊర్లో ఎవరూ కనిపించకూడదని. అందుకని నేను ముందు పోయి అందరినీ క్వారీ చెత్తరాళ్ళ గుట్ట వెనక్కు తోలినా. ఆ ఊర్లోనే ఉండే మోషే అన్న తన మేకలతో సహా పోయినాడు. తాళ్ళ మీద గుడ్డలు కూడా లోపల పెట్టించినా. అయిదిండ్ల జనం, పద్నాలుగు మంది, గుట్ట వెనక వరసగా గొంతుకూర్చున్నారు. ఎవరూ దగ్గకూడదు, తుమ్మకూడదు అన్నా. మోషే అన్న మేకపోతు మూతి పట్టుకొని కూర్చున్నాడు. ఆ మొహం చూసి నవ్వలేక చచ్చినా.

రోశక్క చిలకపచ్చ చీర కట్టుకొని, తడిగోనె కింద మూడు రాళ్ళు పెట్టుకొని తయారుగా ఉండింది. ఆమె కూడా గుట్ట వెనక్కు పోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని దగ్గు ఆపుకుంది.

మేడం చాలాసేపు ఇండ్ల మధ్య తిరిగింది. ఆమె మొహం ఎందుకో చిన్నబోయింది. ఎండకేమో.

మొత్తానికి మంచి తమాషా. మేడం చెప్పింది కాబట్టి చేసినా.

జనవరి 25

రోశక్క కోసిపెట్టుకున్న ఆ మూడు రాళ్ళు ఎండిపోయి ఉంటాయి. ఎండితే పొర విడవదు.

ఫిబ్రవరి 14

వీడియో వచ్చింది. మేడం పిలిచి నాకూ డబ్బా కట్టింది. లోపల పలకలగుట్ట. తల కిందికి దించితే నా కాళ్ళు లేవు. పైకెత్తితే ఆకాశం. క్వారీ గుంతలో పచ్చ నీళ్ళు, నల్లని ఇండ్లు, మూసిన తలుపులు. ఎవరూ లేరు. పలక ఎట్ల చేస్తారో మేడం గొంతు చెప్తా ఉంది. రోశక్క కూర్చునే చోట ఎండ పడి ఉంది. నేను వెనక్కు కూడా తిరిగి చూసినా.

చప్పగా ఉంటది, పిల్లలు ఆవలిస్తారు అనుకున్నా. ఆవలించలేదు. ఎంత ప్రశాంతంగా ఉందో అన్నారు. ఒకడు, ఇక్కడ ఒక్కణ్ణే ఉండిపోవాలని ఉంది అన్నాడు. నా బస్సులో కిటికీ సీటు కోసం జుట్లు పట్టుకునే పిల్లలు వీళ్ళేనా అని నాకే అనుమానం వచ్చింది.

హుమేరా అని మా వీధి పిల్ల, డబ్బా తీసి నన్ను అడిగింది.

"మామా, అక్కడ ఎవరూ ఉండరా?"

"ఉంటారమ్మా. దాక్కున్నారు."

క్లాసంతా నవ్వింది. మేడం నవ్వలేదు.

మార్చి 3

మేడం వీడియో పైకి పోయింది. పైకి అంటే దేవుడి దగ్గరికి కాదు, ఆఫీసుల దగ్గరికి. అక్కడ చూసి మెచ్చుకున్నారంట. మనిషి అలికిడి లేని రాతి పల్లె, చెడిపోకుండా ఉంది, పద్ధతిగా తీర్చిదిద్దాలి అన్నారంట. చుట్టూ కంచె, బ్యాటరీ బండ్లు, ఖాళీ ఇండ్లను బాగుచేసి అద్దాల పెట్టెల్లో పలకలు పెడతారంట. దినానికి ఇంతమందే రావాలని లెక్క. మేడం సంతోషంగానే ఉంది.

"ఒక్కటే లోటు ఇనాయత్ భాయ్. ఆ రోజు ఎంత పిలిచినా మనుషులు ఒక్కరూ బయటికి రాలేదు కదా. ఎందుకంటారు?"

ఏమో మేడం, సిగ్గేమో అన్నా. మేడం మర్చిపోయినట్టుంది. ఎవరూ కనిపించకూడదని ఆమే కదా చెప్పింది. చదువుకున్నోళ్ళకు నూరు పనులు, గుర్తుండవు.

రంజాన్ రోజా విడిచినాక అన్నం సయించలేదు. నసీమా ఏమైంది జీ అని అడిగింది. గ్యాస్ అన్నా.

మార్చి 28

మోషే అన్న ఫోన్ చేసినాడు. తలుపులకు ఏందో కాయితాలు అంటించి పోయినారు, వచ్చి చదువు అన్నాడు. పోయినా.

పదకొండు తలుపులకూ ఒకటే కాయితం. గట్టిగా చదివినా. "నివాసితులు లేని కట్టడములు" అని ఉంది. ముప్పై దినాల్లో సామాన్లేమైనా ఉంటే సంబంధీకులు తీసుకోవచ్చు, తరువాత స్వాధీనం చేసుకోబడును. ఆధారం అనే చోట మేడం వీడియో పేరు రాసుంది.

అందరూ నా మొహం చూస్తున్నారు. నేను కాయితం వెనక కూడా చూసినా, ఏమన్నా రాసుంటుందేమోనని. రోశక్క గడపలో కూర్చొని ఉంది.

"ఎవరూ లేరంటనా?"

"అట్లనే రాసుంది అక్కా."

"మరి అంటించినాయన నీళ్ళడిగితే చెంబుతో ఇచ్చినా గదరా. ఆయన ఎవరి చేతి నీళ్ళు తాగినాడు?"

మోషే అన్న నవ్వినాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. రోశక్కకు గిద్దలూరులో కూతురుంది. అల్లుడి ఇల్లు ఒకటే గది, దానికి వెనక రేకుల పంచ. ఆ పంచలో ఆమెకు గాలాడదు, వారం ఉంటే రొప్పుతా తిరిగొస్తది. అది అందరికీ తెలుసు. అందుకే ఎవరూ ఆ ఊరి పేరెత్తలేదు.

నేను చూసుకుంటా అక్కా అని చెప్పి వచ్చినా. ఏం చూసుకుంటానో.

ఏప్రిల్ 2

రంజాన్ పండగ అయి రెండు దినాలే అయింది. కొత్త చొక్కా వేసుకొని, ఆ కాయితాలు పంపించిన ఆఫీసుకు పోయినా. అత్తరు కూడా పూసుకున్నా. పని జరిగే ఆఫీసుకు అత్తరెందుకు, జరగని ఆఫీసుకు అత్తరెందుకు అని నసీమా అనింది.

సారు మంచోడే. కూర్చోమన్నాడు. అక్కడ పద్నాలుగు మంది ఉన్నారు సార్ అన్నా. కంప్యూటర్లో వీడియో పెట్టి నా వైపు తిప్పినాడు. చూపించు అన్నాడు.

వీడియో అంతా వెతికినా. ఒక పొయ్యి పొగ లేదు, ఒక చీర చెంగు లేదు. చివరికి మూడో ఇంటి మూల ఒక కోడి దొరికింది.

"కోడి ఉంది సార్. కోడి ఉంటే మనిషి ఉన్నట్టే కదా."

"కోడికి ఆధార్ ఉందా ఇనాయతుల్లా గారూ?"

వేరే దినమైతే ఆ మాటకు నేనే చప్పట్లు కొట్టేవాణ్ణి.

ఒక్కసారి వచ్చి చూడండి సార్, నా బస్సులో తీసుకపోతా అన్నా. ఇప్పుడు అనవసరమైన ప్రయాణాలు తగ్గించుకోమని పైనుంచి చెప్పినారంట. పైగా ఆయన ఆ ఊరు పదిసార్లు చూసినాడంట, ఆ కుర్చీలోనే కూర్చొని. మరి కాయితం అంటించిన మనిషి చూసినాడు కదా అంటే, అంటించేవాడి పని అంటించడం, చూడడం వేరే సెక్షన్ అన్నాడు.

మళ్ళీ ఆయనే అడిగినాడు. సరే, మీరన్నట్టే ఉన్నారనుకుందాం, ఆ రోజు ఏమైనారు అని. దాక్కున్నారు సార్ అన్నా. ఎందుకు అన్నాడు.

ఎందుకు అంటే ఏం చెప్పాలి? మేడం చెప్పింది కాబట్టి అని చెప్పినా. ఉన్నదే చెప్పినా.

ఏప్రిల్ 4

మేడంను ఆఫీసుకు పిలిపించినారు. నేనూ ఉన్నా. ఎవరూ కనిపించకూడదని మీరే చెప్పినారా అని సారు అడిగినాడు. మేడం తల తిప్పి నా మొహం చూసింది. చాలాసేపు చూసింది. గోడ మీద గడియారం చూస్తా ఉన్నా నేను.

అవును సార్, నేనే చెప్పినాను అనింది.

అట్లయితే మీ వీడియో తప్పా అన్నాడు. తప్పే అనింది. కాయితం ఇస్తే దాని మీద రాసి సంతకం పెట్టింది. నిజం రాసిచ్చింది. ఇంక పని అయినట్టే అనుకున్నా. సారు కాయితాన్ని ఫైలులో పెట్టి, ఇది ఆమె ఒక్కరి మాటే కదా, అక్కడ ఉంటున్నట్టు ఆ మనుషుల కార్డులు తీసుకురండి అన్నాడు.

మెట్లు దిగేటప్పుడు మేడం నాతో మాట్లాడలేదు. ఆమెకు తలనొప్పి అనుకుంటా.

ఏప్రిల్ 10

రోశక్కను ఆఫీసుకు తీసుకపోయినా. ఇది రాయడం నాకు ఇష్టం లేదు.

ఆమె చిలకపచ్చ చీర కట్టుకుంది. చేతిసంచిలో కార్డులు, ఉలి. ఉలి ఎందుకక్కా అంటే, అడిగితే కొట్టి చూపిస్తా, వీడియో కన్నా బాగా కనబడతాగా అనింది. మెట్లు ఎక్కే లోపల రెండు చోట్ల కూర్చుంది.

సారు కార్డులు చూసినాడు. రేషను గిద్దలూరు. ఆధార్ గిద్దలూరు. పింఛను గిద్దలూరు. పలకలగుట్ట కాయితాల్లో ఊరే కాదు, అక్కడ ఎవరికీ ఏ కార్డూ రాదు. మోషే అన్నవి రాచర్లలో తమ్ముడింటి మీద ఉన్నాయి. తక్కినోళ్ళవి చంద్రశేఖరపురం దిక్కు. అందరూ ఒకటో తారీఖు పోయి పింఛను తీసుకొని తిరిగొచ్చేవాళ్ళే. నాకు ఇది మొదటినుంచీ తెలుసు. తెలిసీ తీసుకపోయినా.

సారు కోపంగా ఏమీ అనలేదు. మెల్లగా అన్నాడు.

"అమ్మా, ఈ కార్డుల ప్రకారం నువ్వు గిద్దలూరులో ఉన్నావు. లేదు, పలకలగుట్టలోనే ఉంటానని రాసిస్తావా? అట్లయితే గిద్దలూరులో పింఛను ఎట్ల తీసుకుంటున్నావో అది కూడా చూడాల్సి వస్తది."

ఆమె ఒక్కొక్క కార్డే తీసుకొని సంచిలో పెట్టుకుంది. ఉలి కనపడకుండా దాని మీద కొంగు కప్పింది.

"లేదు సారూ. నేను గిద్దలూరులోనే ఉంటా."

తన నోటితో చెప్పింది. సారు ఆ మాట రాసుకున్నాడు. ఊరినంతా మాటలతో ఆడించేవాణ్ణి, ఆ ఒక్క నిమిషం నా మూతిని ఎవరో మేకపోతు మూతిలా పట్టుకున్నట్టయింది.

తిరిగొచ్చేటప్పుడు ఆమె కిటికీ పక్కన కూర్చుంది. దగ్గింది. మళ్ళీ దగ్గింది. నేను పాట పెట్టబోయి మానుకున్నా.

ఏప్రిల్ 11

నసీమా అడిగింది. ఆ రోజు మీరు వాళ్ళతో ఏమన్నారు జీ అని. ఏమీ అనలేదన్నా.

ఏప్రిల్ 12

ఏమీ అనలేదు.

ఏప్రిల్ 16

చేతకానోడు చేసే పని చేసినా. మోషే అన్న మేకలు పదకొండింటిని బస్సులో ఎక్కించుకొని ఆఫీసు ముందు దించినా. ఒక్కొక్కదాని మెడలో అట్టముక్క. "నేను పలకలగుట్ట నివాసిని" అని నా చేతిరాత. ఒక మేక దాని పక్క మేక అట్టను తినేసింది. జనం మూగినారు, ఫోన్లలో తీసినారు, సారు కూడా కిటికీలోంచి చూసి నవ్వినాడు. వాచ్‌మన్ నవ్వుకుంటానే కట్టె పట్టుకొని తోలినాడు. సాయంత్రానికి మార్కాపురంలో అందరి ఫోన్లలో మేకలే. టీ దుకాణంలో భుజం తట్టి, నీ తర్వాతే ఎవరైనా ఇనాయత్ అన్నారు.

ఎందుకు చేసినావని ఒక్కడూ అడగలేదు. బాగా చేసినావన్నారు. యాభై ఏండ్లుగా నేను సంపాదించుకున్న పేరు ఇది. నేను ఏడ్చినా నవ్వుతారు.

బస్సులో మేక పెంటికలు ఊడ్చుకున్నా.

ఏప్రిల్ 19

మేడంను కలుద్దామని కాలేజీకి పోయినా. క్లాసులో ఉందన్నారు. గేటు దగ్గర గంట నిలబడినా. హుమేరా వచ్చి చెప్పింది, ఆ డబ్బాల క్లాసులు ఇప్పుడు వేరే సారు చెప్తున్నాడంట. తప్పు వీడియో తీసినానని మేడమే రాసిచ్చిందంట కదా మామా, ఎందుకట్ల చేసింది అని అడిగింది.

ఎండ ఎక్కువగా ఉందమ్మా, ఇంటికి పో అన్నా.

ఏప్రిల్ 26

పలకలగుట్ట ఖాళీ అయింది. ఇప్పుడు కాయితం నిజమయింది.

మోషే అన్న మేకల్ని తోలుకొని నడిచే పోయినాడు. బస్సెక్కమంటే, నీ బస్సు మేము ఎక్కితే నవ్వుతారులే అన్నాడు. అది మజాకుగానే అన్నాడో ఎట్ల అన్నాడో. మిగతా మూడిండ్లోళ్ళు నిన్ననే పోయినారంట.

రోశక్క సామాను ఒక ట్రంకు పెట్టె, రెండు గంపలు, పొయ్యి రాళ్ళు మూడు. రాళ్ళెందుకక్కా, గిద్దలూరులో గ్యాస్ ఉంది కదా అన్నా. వాటి మీదే నరసింహులుకు వండినా, ఎవరో అద్దాల పెట్టెలో పెట్టుకొని చూస్తా ఉంటే నాకు బాగుండదు అనింది. తలుపు మూయబోయి, మళ్ళీ తెరిచి, లోపల చీపురు తిప్పి వచ్చింది. వదిలిపోయే ఇంటిని ఊడ్చడం ఎందుకో నేను అడగలేదు.

గిద్దలూరులో దింపి వచ్చినా. అల్లుడు మంచోడే, ఎదురొచ్చి పెట్టె దించుకున్నాడు. రేకుల పంచలో మంచం వేసి ఉంది. పైన ఫ్యాను లేదు. నేను మా ఇంట్లోది పీకి తీసుకొచ్చి బిగిస్తా అన్నా. రేకులకు ఎట్ల బిగిస్తావురా అని రోశక్క అనింది.

దిగేటప్పుడు రోశక్క ఒక మాట అనింది. అది తర్వాత రాస్తా.

ఏప్రిల్ 29

ఈ రోజు రాయలేదు.

మే 1

అయిదు దినాలుగా డైరీ తీయడం, మూయడం.

ఒకటో తారీఖు. గిద్దలూరులో రోశక్కకు పింఛను ఇచ్చి ఉంటారు. ఇప్పుడు బస్సెక్కి రానవసరం లేదు, మంచంలోకే వస్తది.

ఆమె అన్న మాట ఇది. బస్సు మెట్టు దిగి, నా చెయ్యి పట్టుకొని అనింది.

"బాధపడబాక ఇనాయతూ. ఇల్లు పోతే పోయింది. ఆ పొద్దు నువ్వు ముందే వచ్చి చెప్పబట్టి దాక్కున్నాం. లేకపోతే కెమెరాలో పడి పింఛను కూడా పోయేది. నీ మేలు మర్చిపోనులే."

నేను ఆమె చేతిలో నుంచి చెయ్యి లాక్కున్నా. హారన్ కొట్టి బస్సు తిప్పుకున్నా. కంభం దాటినాక రోడ్డు పక్కన ఆపి కూర్చున్నా.

జనవరి 24న నేను రాసింది తప్పు. ఊర్లో ఎవరూ కనిపించకూడదని మేడం చెప్పలేదు. మేడం, వినయ్ కుమార్ కెమెరా బిగించుకుంటా ఉంటే నేను ఒక్కణ్ణే ముందు పోయినా. రోశక్క వాకిట్లో అందరూ ఉన్నారు. ఇది ఆఫీసోళ్ళ కెమెరా, పింఛను ఒక చోట తీసుకుంటా ఇంకో చోట ఉండేవాళ్ళను పట్టుకునేదానికి వచ్చింది, దాంట్లో పడితే వచ్చే నెల నుంచి కట్ అన్నా. నవ్వుకుంటానే అన్నా. వాళ్ళు నవ్వలేదు. వాళ్ళకు అది నవ్వే సంగతి కాదని నాకు తెలుసు. పింఛను ఎప్పుడు ఎందుకు పోతుందో తెలియని మనుషులు వాళ్ళు. రోశక్క తడిగోనె కూడా సర్దకుండా లేచింది.

మజాకుకు కూడా చేయలేదు. ఊరు ఖాళీగా ఉంటే వీడియో చప్పగా వస్తుందని, చప్పగా వస్తే వచ్చే ఏడు మళ్ళీ నా బస్సు అడుగుతారని చేసినా.

మేడం ఆఫీసులో రాసిచ్చింది నిజం కాదు. ఆమె నాకోసం రాసిచ్చిందో రోశక్క కోసం రాసిచ్చిందో నేను అడగలేదు. ఇప్పుడు ఆఫీసుకు పోయి ఉన్నది ఉన్నట్టు చెప్తే, ఎందుకు దాక్కున్నారో చెప్పాల్సి వస్తది, అప్పుడు ఆ పద్నాలుగు మందికి పింఛన్లు నిజంగానే పోతాయి. చెప్పకపోతే ఇట్లనే ఉంటది. ఎటు తిప్పినా దారి లేదు.

ఆ దినం బస్సు దిగగానే మేడం నాతో చెప్పిన మాట ఇది. ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు.

"ఇనాయత్ భాయ్, మీరు ముందు పోయి అందరినీ పిలవండి. మనుషులు లేకపోతే పిల్లలు ఏం చూస్తారు?"